గోడకు ఆనించిన కర్ర

మా వీధి గుమ్మం పక్కన గోడకు ఒక చేతికర్ర ఆనించి ఉంది. మొన్నటి వానలకు పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డాక, ఇక కర్ర లేకుండా నడవవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మా అబ్బాయి మర్నాడే బజారుకు వెళ్ళి, పిడికి నల్లటి రబ్బరు తొడిగి వార్నీషుతో మెరిసిపోతున్న కర్ర ఒకటి కొనుక్కొచ్చి, నేను కునుకు తీస్తున్నానని నన్ను లేపకుండా దాన్ని అక్కడ నిలబెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ అది అక్కడే ఉంది, నేను గోడలు పట్టుకునే నడుస్తున్నాను. మా కోడలు దీన్ని ముసలితనపు మొండితనం అనుకుంటోంది. పోనీ, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను గాని, అసలు సంగతి మొండితనం కాదు. కర్ర అన్నది మనంతట మనం తీసుకునేది కాదనీ, మన పెద్దవాళ్ళెవరో చేతికి ఇస్తేనే పట్టుకోవాలనీ నాకు వయసులో ఉండగా ఒకావిడ నేర్పారు. అరవై ఏళ్ళనాటి ఆ నియమం ఇప్పుడెవరికి చెప్పినా నవ్వుతారు. మన ఈడువాళ్ళు మాత్రం నవ్వరనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

మాది కైకలూరు అవతల కొల్లేటి లంక. నాన్నగారు అక్కడి బడిలో పంతులు. చుట్టూ చేపలు పట్టుకుని బతికే ఇళ్ళే, వాళ్ళ పిల్లలే ఆయన శిష్యులు. వానాకాలంలో ఇంటి నుంచి బడికి వెళ్ళాలన్నా దోనె మీదే వెళ్ళాలి కనుక, అందరిలాగే మాకూ ఒక తాటిదోనె, దాన్ని తోయడానికి ఒక వెదురు గెడ ఉండేవి. గెడను అడుగున బురదకు ఆనించి, దాని మీద ఒళ్ళంతా వంచి తోస్తేనే దోనె సాగుతుంది. పలకా బలపమూ పట్టుకునే చేతులు కావడంతో నాన్నగారి అరచేతులు తొందరగా బొబ్బలెక్కేవి. అది చూసి అమ్మ తన పాత నీలం చీర అంచు చింపి, గెడ మీద ఆయన పట్టుకునే చోట వరసగా చుట్టి, పైన నారతో బిగించి కట్టింది. ఆ నీలం గుడ్డ ఎండకు వెలిసి, నీటికి నాని, చివరికి ఏ రంగో చెప్పలేని రంగుకు తిరిగినా ఊడిపోలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైల తొలినాళ్ళ మాట, ఒక వానాకాలం కొల్లేరు మా మెట్ల దాకా వచ్చింది. అమ్మకు తగ్గిందనుకున్న జ్వరం తిరగబెట్టింది. కైకలూరు డాక్టరు దగ్గరికి తీసుకువెళదామని నాన్నగారూ నేనూ ఆమెను దోనెలో పడుకోబెట్టుకుని బయలుదేరాం. దారంతా గుర్రపుడెక్క అల్లుకుపోయి, రోజూ వెళ్ళే తోవ ఏదో ఆయనకే తెలియలేదు. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య ఒకచోట గెడ బురదలో దిగబడిపోయింది. ఆయన లాగుతుంటే గెడ రాదు, దోనె మాత్రం కాళ్ళకింద నుంచి జారిపోతుంది. గెడ వదిలితే ముందుకు పోలేం, వదలకపోతే కదలలేం. అమ్మ తల నా ఒళ్ళో ఉంది. గెడ ఊడి వచ్చేలోపలే నా ఒళ్ళో బరువు మారింది. అది ఎలా తెలిసిందంటే చెప్పలేను, తెలిసింది. నాన్నగారే నా ముఖం చూసి, దోనెను ఇంటివైపు తిప్పారు.

ఆ సాయంత్రం ఆయన గెడను కడిగి చూరు కింద పెట్టారు. దాన్ని మళ్ళీ దించలేదు. బడికి ఎవరి దోనెలోనో ఎక్కి వెళ్ళేవారు. ఆ రోజు సంగతి ఇంట్లో మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తురాలినే, గొంతు పక్కవాళ్ళకు కూడా సరిగా వినిపించేది కాదు. ఆ తర్వాత ఉన్న కాస్తా లోపలికి పోయింది.

నన్ను ఆ ఇంట్లో అలా ఉంచితే మనిషిగానే దక్కనని భయపడి, మా పిన్ని ఏలూరు తీసుకువెళ్ళి ట్రైనింగు చదివించింది. చదువు పూర్తయ్యాక అక్కడే ఒక ఆడపిల్లల బడిలో చిన్న పంతులమ్మగా కుదిరాను. పిన్నిగారిల్లు తివాచీలు నేసే సాయిబుల వీధిని ఆనుకుని ఉండేది. ఉన్నికి రంగులు వేసిన నీళ్ళు వీధి కాలవలోకి వదిలేవారు, బడికి వెళ్ళేటప్పుడు ఆ కాలవ చూస్తే ఇవాళ మగ్గాల మీద ఏ రంగు ఎక్కుతోందో తెలిసిపోయేది. ఒకరోజు కుంకుమ కలిపినట్టు ఎర్రగా, ఒకరోజు నీలంగా. నీలం నీళ్ళు పారిన రోజున నేను తల తిప్పుకుని నడిచేదాన్ని.

బడిలో నా పని ఏమీ బాగాలేదు. పుస్తకాలు బాగా చదివినదాన్ని గనుక పాఠం తెలియక కాదు. నలభై జతల కళ్ళు నావైపు తిరిగేసరికి నోట్లో తడి ఆరిపోయేది. మా పెద్ద పంతులమ్మగారు మంచి మనిషి, ఎవరినీ కసరడం తెలియదు. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, "నీ పాఠం ముందు బెంచీ దాకానే వస్తోందమ్మా. వెనకాల పిల్లలు నీ పెదాలు చూసి చదువుకుంటున్నారు," అన్నారు నవ్వుతూనే. ఆ నవ్వు వెనకే, క్రిస్మస్ సెలవుల దాకా చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే పిల్లల కోసం ఇంకొకరిని వేసుకోక తప్పదనీ చెప్పారు. ఆ ఉద్యోగం పోతే నేను వెళ్ళవలసింది లంకలోని ఆ ఇంటికే, చూరు కింద గెడ ఉన్న ఇంటికే. అక్కడ నాన్నగారూ నేనూ ఒకరినొకరం చూసుకుంటూ, ఏమీ అనుకోకుండా, మిగిలిన రోజులు వెళ్ళదీయడం నా కళ్ళకు కట్టినట్టు కనిపించేది.

ఆ రోజుల్లో డైరీ రాసేదాన్ని. గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు గ్రంథాలయం నుంచి తెప్పించుకుని, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని చదివి, వాళ్ళు తెల్లవారుజామునే లేచేవారనీ, మనసును అదుపులో పెట్టుకునేవారనీ డైరీలోకి ఎత్తి రాసుకునేదాన్ని. చివర్లో "రేపటి నుంచి" అని ఒక మాట. ఏ పేజీ తిరగేసినా ఆ మాటతోనే ముగిసేది. తెల్లవారేసరికి మాత్రం ఒళ్ళు సీసంలా బరువెక్కి మంచానికి అతుక్కుపోయేది. పిన్ని వచ్చి దుప్పటి లాగేదాకా లేచేదాన్ని కాదు. లేవడానికి కారణం కనబడేది కాదు. దీనికి సోమరితనమని పేరు పెట్టినవాళ్ళున్నారు, నరాల బలహీనత అన్నవాళ్ళూ ఉన్నారు. ఏదైనా కావచ్చు.

నేను పడుకునే గది కిటికీలోంచి చూస్తే పక్క తివాచీల వాళ్ళ లోపలి పెరడు కనిపించేది. ఆ ఇంటి పెద్దావిడను వీధిలో అందరిలాగే నేనూ మామ్మగారనేదాన్ని. ఆవిడ భర్త ఉన్నన్నాళ్ళూ తమ్మిలేరు గట్టున తాలింఖానా నడిపి, అన్ని కులాల కుర్రాళ్ళకూ కర్రసాము నేర్పిన ఉస్తాదు. ఆయన పోయాక, కొంతకాలానికి ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. తాలింఖానా మూతపడింది. మామ్మగారు పగలంతా మగ్గం ముందు కూర్చుని ముళ్ళు వేసేవారు. వేకువన నమాజు అయ్యాక మాత్రం, ఓణీ నడుముకు బిగించి, పెరట్లో ఒంటరిగా కర్ర తిప్పేవారు. అది మొదటిసారి చూసినప్పుడు భయపడ్డాను. తర్వాత తర్వాత ఆ కర్ర గాలిని కోసే చప్పుడు కోసమే కళ్ళు తెరిచేదాన్ని. అందులో కోపం ఉండేది కాదు. ఆవిడ ఒక అడుగు వేసి, తిరిగి, ఇంకో అడుగు వేసేవారు. ఎవరిమీదకూ వెళ్ళని ఆ అడుగులను చూస్తుంటే నా ఊపిరి కూడా వాటితోపాటు సర్దుకునేది.

ఒక ఆదివారం పిన్ని ఇచ్చిన పులిహోర గిన్నె పట్టుకువెళ్ళే నెపంతో లోపలికి వెళ్ళి, మగ్గం పక్కన నిలబడి, ధైర్యం చేసి, ఇంత దుఃఖంలో రోజూ ఆ కర్ర ఎందుకు తిప్పుతారని అడిగాను. ఆవిడ ముడి వేస్తూనే, "లేవడానికమ్మా," అన్నారు. "నమాజుకి ఎలాగూ లేస్తాను. అది అయ్యాక మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. పడుకుంటే ఇక లేవను. నాకు తెలుసు."

నన్ను గురించి నాకెవరూ అంత సూటిగా చెప్పలేదు, ఆవిడ చెప్పింది తన సంగతే అయినా. నాకూ నేర్పమని అడిగాను. ఆవిడ నా చేతులు తిప్పి చూసి, నేర్పుతాను గాని తమ ఇంటి పద్ధతి ఒకటుందన్నారు. నేర్చుకునేవాళ్ళు కర్ర కొనుక్కోకూడదు. వాళ్ళ ఇంటి పెద్ద ఎవరో తన చేత్తో తెచ్చి, ఈ పిల్ల ఇక మీ పిల్ల కూడా అని చెప్పి గురువుకు అప్పగించాలి. గురువు దాన్ని పిల్ల చేతికి ఇచ్చి, పదిమంది చూస్తుండగా ఒక్క దెబ్బ కొడతారు. ఆ దెబ్బ ఆ కర్రతోనే కాయాలి. అక్కడి నుంచి చదువు మొదలు. కర్ర విరిగితే అదే చెయ్యి ఇంకొకటి ఇచ్చేదాకా పాఠం లేదు. దొంగచాటుగా నేర్చుకున్నవాడు దొంగచాటుగానే కొడతాడని ఆవిడకు కర్ర నేర్పిన వాళ్ళ నాయన నమ్మకమట, ఆడపిల్లలకు వీధిలో కాక లోపలి పెరట్లో, ఆడవాళ్ళ ముందు ఇది చేయించేవారట. కార్తీకం వెళ్ళాక వచ్చే మొదటి శుక్రవారం మంచిదని చెప్పి, అప్పటిదాకా ఒట్టి చేతులతో పట్టూ అడుగులూ నేర్పుతాను రమ్మన్నారు.

నాకు రెండు భయాలు. పదిమంది ఎదుట నిలబడడం ఒకటి, నాన్నగారిని అడగడం రెండోది. అసలు నాన్నగారిని నేను నోరు తెరిచి ఏదైనా అడిగానా అంటే, చిన్నప్పుడు కూడా అమ్మ ద్వారా అడిగించేదాన్ని. ఇప్పుడు మధ్యలో అమ్మ లేదు. డైరీలో ఒకరోజు నేర్చుకుంటానని రాసేదాన్ని, మర్నాడు నాకు తగనిదని కొట్టేసేదాన్ని. కర్ర తిప్పితే గొంతు వస్తుందా అని నన్ను నేనే వెక్కిరించుకునేదాన్ని. కాని ఈ దారి కాకపోతే నాకు ఇంకే దారి ఉందో కూడా తోచేది కాదు. పిన్నికి చెబితే, పెళ్ళి కావలసిన పిల్లవి, ఇదేం బుద్ధే అని తల పట్టుకుంది. కోర్టులో గుమాస్తా అయిన మా బాబాయిగారు, ముందు పప్పులో గరిటె తిప్పడం వచ్చాక కర్ర సంగతి చూద్దామన్నారు. ఎదురింటావిడ అయితే పిన్నిని వీధిలోనే ఆపి, "ఏవండీ, మీ అమ్మాయిగారు పోలీసు ఉద్యోగానికి వెళ్తారా ఏవిటండీ?" అని అడిగింది. పిన్నికి ఆ మాట ఎంత కోపం తెప్పించిందంటే, ఆ రోజు నుంచి నాకు అడ్డు చెప్పడం మానేసింది.

దసరా సెలవులకు పడవెక్కి లంకకు వెళ్ళాను. నాన్నగారు అరుగు మీద కూర్చుని, బడిపిల్లల కోసం రెల్లు చెక్కి కలాలు చేస్తున్నారు. నేను పక్కన కూర్చుని, ఆయన చెక్కిన కలాలు వరసగా పేర్చుతూ, "నాన్నగారండి, నాకొక కర్ర కావాలండి," అన్నాను. మీ బడిలో పాములున్నాయా అమ్మా అని అడిగారాయన. నవ్వాలో లేదో తెలియక తల వంచుకుని, తడబడుతూ, ముందు చెప్పవలసింది వెనకా వెనకది ముందూ చెప్పి, మామ్మగారి సంగతీ, పద్ధతీ, పెద్ద పంతులమ్మగారు పెట్టిన గడువూ అన్నీ చెప్పేశాను. ఆయన చాకు ఆగలేదు. ఒక కలం మాత్రం మొన దాటి చెక్కుకుపోయి పాడైంది. దాన్ని పక్కన పడేసి ఇంకో రెల్లు తీసుకున్నారు. ఒప్పుకున్నారో లేదో తెలియలేదు. ఆ సెలవులన్నీ ఆయన ముఖం చూస్తూనే గడిపాను. తిరుగు ప్రయాణం నాడు రేవులో, ఆ శుక్రవారం ఎప్పుడు వస్తుందో చెబితే, "పడవకి వేళవుతోందమ్మా," అన్నారు. అంతే.

ఏలూరు వచ్చాక రోజూ వేకువన పక్కింటి పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టాను. లేవగలిగాను అనడం అబద్ధం. కొన్ని రోజులు లేవలేకపోయాను. అలాంటి రోజున మామ్మగారు గోడ అవతల నుంచి కర్రతో నేల మీద ఒకసారి తట్టేవారు, కేకవేసేవారు కాదు. ఆవిడ చెప్పినట్టు, లేని కర్రను చేతుల్లో ఉన్నట్టు పట్టుకునేదాన్ని. మూడో వంతు దగ్గర కుడిచెయ్యి, బొటనవేలు పైకి, మణికట్టు వదులుగా. చలికి మట్టి కాళ్ళకు గుచ్చుకునేది. నాన్నగారు రారనే నా నమ్మకం. రాకపోతే బాబాయిగారు ఇస్తార్లే అని పిన్ని ధైర్యం చెప్పేది. ఆ ధైర్యం వింటే ఇంకా దిగులేసేది.

ఆ శుక్రవారం వచ్చింది. పెరట్లో వీధి ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు, ఎదురింటావిడతో సహా. కొడుకు పోయాక మామ్మగారితోనే ఉంటున్న కోడలు అందరికీ తాంబూలాలు ఇచ్చింది. ఎండ పెరటి గోడ ఎక్కి కిందికి దిగుతున్నా అందరం నాన్నగారి కోసం చూస్తూనే ఉన్నాం. బాబాయిగారు ఎవరి దగ్గరో అరువు తెచ్చిన కర్రతో దొడ్డి గుమ్మం దగ్గర సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఇక ఆయనను పిలుద్దామని పిన్ని లేచేవేళకు నాన్నగారు వచ్చారు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చేతిలో పాత తువ్వాలు చుట్టిన పొడుగాటిదేదో ఉంది. ఎలా వచ్చారని ఎవరో అడిగితే, దోనె మీద పడవరేవు దాకా వచ్చి పడవెక్కానన్నారు. ఎవరి దోనె అని నేను అడగలేదు. తువ్వాలు విప్పగానే తెలిసింది. మా గెడే అది. రెండు చివరలూ రంపంతో కోసి, నా ఎత్తుకు సరిపోయేలా చేశారు. అమ్మ చుట్టిన గుడ్డ మాత్రం అలాగే ఉంచారు. మిగిలిన ముక్కతోనే ఆయన దోనె తోసుకుంటూ వచ్చారని తర్వాత తెలిసింది.

ఆయన గుమ్మంలోనే నిలబడి కర్రను మామ్మగారి చేతుల్లో పెట్టారు. చెప్పవలసిన మాట పిన్ని పక్కనుంచి అందించింది గాని, ఆయన నోట వచ్చింది, "మా అమ్మాయండి," అన్న ఒక్క మాటే. మామ్మగారు అది చాలన్నట్టు తలపంకించారు. తర్వాత గోటితో కర్రను అక్కడక్కడ తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆవిడ ముఖం మారింది. నా దగ్గరకు వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అన్నారు:

"ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని, ఆ మీదట చూరు కింద ఎండిపోయిన వెదురమ్మా ఇది. దెబ్బకి ఆగదు. తాకీ తాకనట్టు తాకిస్తాను, ఇక్కడ ఎవరికీ తెలియదు. లేదంటే ఇవాళ్టికి మానేద్దాం, ఆయనే ఇంకోటి తెస్తారు. నువ్వేదంటే అది."

నేను గుమ్మం వైపు చూశాను. నాన్నగారు కర్రనే చూస్తున్నారు. అమ్మ పోయిన దగ్గర నుంచీ నన్ను అందరూ తాకీ తాకనట్టే తాకుతున్నారని నాకు అప్పుడు తోచింది. పిన్ని నా ముందు అమ్మ పేరెత్తేది కాదు, పెద్ద పంతులమ్మగారు నవ్వుతూ మందలించేవారు, నాన్నగారైతే నావైపు సూటిగా చూడడమే మానేశారు. ఆయన ఆ గెడను చూరు కింద నుంచి దించి, రంపం పెట్టి కోసి, అంత దూరం మోసుకొచ్చాక, దాని మీద ఉత్తుత్తి దెబ్బ వేయించడం నావల్ల కాలేదు.

"గట్టిగానే కొట్టండి, మామ్మగారండి," అన్నాను. ఆ మాట దొడ్డి గుమ్మం దాకా స్పష్టంగా వినిపించిందని పిన్ని చాలా ఏళ్ళు చెప్పుకుంది.

నేను వంగి నేలకు దండం పెట్టి, ఆవిడ చేతికిచ్చిన కర్రను ఒట్టి చేతులతో నేర్చుకున్నట్టే పట్టుకుని తల మీదుగా అడ్డంపెట్టాను. మామ్మగారు కొట్టారు. మోచేతుల దాకా జివ్వుమంది. కర్ర ఒక చివర నుంచి మరో చివర దాకా నిలువునా చీలిపోయింది. కింద పడలేదు. చీలిన రెండు బద్దల్నీ అమ్మ కట్టిన గుడ్డ పట్టి ఉంచింది. అశుభమని ఎవరో గొణిగితే ఎదురింటావిడే వాళ్ళ నోరు మూయించింది.

నాన్నగారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. నా చేతుల్లోంచి ఆ బద్దలు తీసుకుని, చీలిక వెంట వేలు పెట్టి చివరిదాకా చూసుకుని, అన్నారు: "ఆ రోజు విరిగిపోయినా బాగుండునమ్మా. వదిలేసి, చేతులతోనైనా తోసుకుపోయేవాణ్ణి."

ఆ రోజు గురించి ఆయన నాతో అన్న మాట అదొక్కటే. అంతకు ముందు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. పదిమందిలో ఉన్నామని కూడా మరచిపోయి ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. పంచెకున్న కొల్లేటి నీళ్ళ వాసన, నాచు వాసన ఇప్పటికీ గుర్తే.

సోమవారం బడిలో హాజరు పిలుస్తుంటే వెనక బెంచీలో కునుకుతున్న పిల్ల ఒకతె ఉలిక్కిపడి లేచి నిలబడింది. దానికి కారణం ఆ దెబ్బో, నాన్నగారి మాటో, పిల్ల నిద్రే తేలికదో నాకు తెలియదు. గొంతు ఒక్కరోజులో రాలేదు. కొన్నాళ్ళు వచ్చేది, కొన్నాళ్ళు పోయేది. క్రిస్మస్ సెలవుల తర్వాత వేసిన టైంటేబులులో మాత్రం నా పేరు ఉంది.

నాన్నగారు ఊరికి తిరిగి వెళ్ళేముందు రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళారు. అక్కడ మా మేనత్తగారికి కలప అడితి ఉండేది. గట్టి వెదురు ఒకటి స్వయంగా ఏరి, గుర్తు పెట్టి, ఏడాదిపాటు నీడన ఆరనివ్వమని చెప్పి వచ్చారు. ఆరిన తర్వాత తానే ఏలూరు తెచ్చి మామ్మగారికి ఇస్తానన్నారు. అది ఆరలేదు. తర్వాతి వానాకాలంలోనే ఆయనకూ అదే జ్వరం వచ్చింది. ఈసారి దోనె సకాలంలోనే కైకలూరు చేరింది, డాక్టరూ ఉన్నాడు, అయినా దక్కలేదు. అడితిలో ఆ వెదురు మిగతా సరుకుతో కలిసి ఎవరికో వెళ్ళిపోయింది. అంత పనుల్లో దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మా మేనత్త అది తెలిసి ఏడ్చింది, నాకు ఆవిడను ఓదార్చవలసి వచ్చింది.

అప్పుడు మామ్మగారు, ఇలాంటప్పుడు మీ బాబాయిగారు ఇచ్చినా చెల్లుతుంది, ఆయనా నీకు పెద్దే, నీ ఇష్టం అన్నారు. బాబాయిగారు పాపం వెటకారాలన్నీ మాని, నిజంగానే మంచి కర్ర కోసం వెతికారు కూడా. చాలా రోజులు ఆలోచించాను. నాకు నేర్చుకోవాలనే ఉంది. కాని గూడెంలో నీడన ఆరవలసిన ఆ వెదురు స్థానంలో ఇంకొకటి పట్టుకుంటే, నాన్నగారు ఇక తేలేరని నేను ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. వద్దన్నాను. మామ్మగారు బలవంతం చేయలేదు. ఒట్టి చేతులకు మా ఇంట్లో షరతేమీ లేదు, పొద్దున్నే రా అన్నారు. వెళ్ళాను. ఆవిడ కాళ్ళు ఆడినన్నాళ్ళూ ఆవిడ కర్రతోనూ, నేను లేని కర్రతోనూ, ఒకరికొకరం తగలకుండా ఆ పెరట్లో తిరిగాం. ఆవిడ పోయాక ఒంటరిగా మా మేడ మీద తిరిగాను. పెళ్ళయ్యాక కూడా, పిల్లలు పుట్టాక కూడా, ఇంట్లోవాళ్ళు లేవకముందు. మా వారు ఒకసారి చూసి, ఏమిటని అడగకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. నేను కర్రసాము నేర్చుకున్నానని చెప్పుకోలేను. ఒక్క దెబ్బ కాసినదాన్ని, అదీ కర్ర విరగ్గొట్టుకుని.

ఇప్పుడు ఆ వీధి కాలవలో ఒకే రంగు నీళ్ళు పారుతున్నాయి, మురికి రంగు. మగ్గాల చప్పుడు వినిపించాలంటే వెతుక్కుంటూ వెళ్ళాలి. కొల్లేరంతా గట్లు వేసి చెరువులు తవ్వేశారు. కైకలూరు వెళితే ఐసుపెట్టెల లారీలే కనిపిస్తాయి. అమ్మ తల నా ఒళ్ళో ఉన్న ఆ కిక్కిస దుబ్బుల చోటు ఇవాళ ఎవరి రొయ్యల చెరువో. సాయంత్రమైతే మా వీధిలో ఆడపిల్లలు తెల్లటి దుస్తులు వేసుకుని, నడుముకు రంగు పట్టీలు కట్టుకుని కరాటే నేర్చుకోవడానికి సైకిళ్ళ మీద వెళుతుంటారు. వాళ్ళు గట్టిగా కేకలు వేయడం ఇక్కడికి వినిపిస్తుంది. వింటే సంతోషంగానే ఉంటుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది. వాళ్ళను ఎవరూ, నీ చేతికి దీన్ని ఇచ్చిందెవరు అని అడగరు. అడగవలసిన పనీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన అదృష్టం ఒకటి ఉండేదని మాత్రం వాళ్ళకు తెలియదు.

నాకు చేతికర్ర ఇవ్వగలిగిన పెద్దలెవరూ లోకంలో మిగలలేదన్న సంగతి, గోడకు ఆనించిన ఆ కర్ర చూసేదాకా నాకే తట్టలేదు. ఇన్ని రోజులూ దాన్ని చూస్తూ ఎవరి కోసం ఎదురుచూశానో ఏమో. ఈ ఉదయం అందరూ పనులకు వెళ్ళాక, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, నా అంతట నేనే దాన్ని తీసుకున్నాను. పిడి వదిలేసి, వేళ్ళు వాటంతటవే కిందికి జరిగి తమ చోటు వెతుక్కున్నాయి, బొటనవేలు పైకి లేచింది. వార్నీషు చల్లగా తగిలింది. అక్కడేదో గుడ్డ చుట్టి ఉంటుందన్నట్టు, వేలు కాసేపు తడుముతూ ఉండిపోయింది.